ఆరేళ్లుగా ఓపెన్‌రిఫైన్ వాడుతున్నాను

మా కంపెనీ కస్టమర్ల జాబితా చూసుకునే పని నాది. ఒకే మనిషి పేరు మూడు నాలుగు రకాలుగా ఎక్కి ఉండేది. ఒక్కరికే రెండేసి బిల్లులు వెళ్లేవి, అసలు బకాయి ఎంతో తేలేది కాదు. ఆ టెన్షన్ పడలేక, ఇలాంటి గజిబిజి జాబితాలను శుభ్రం చేసుకునే ఓపెన్‌రిఫైన్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాను.

ఇది ఉచితం. 2010లో వేరే పేరుతో వచ్చి, కొన్నాళ్లు గూగుల్ రిఫైన్‌గా ఉండి, 2012లో ఈ పేరు తెచ్చుకుంది. బ్రౌజర్‌లో తెరుచుకున్నా నడిచేది మన కంప్యూటర్‌లోనే. బయటి సర్వీసులతో సరిచూసే సౌకర్యాలు వాడితే తప్ప కస్టమర్ల వివరాలు ఎక్కడికీ పోవు. మనం ఇచ్చిన అసలు ఫైలునూ ముట్టుకోదు.

నేను ఎక్కువగా వాడేది క్లస్టర్, అంటే ఒకటే కావచ్చనిపించే పేర్లను గుంపులుగా చూపించే సౌకర్యం. ఇందులో ఫింగర్‌ప్రింట్ అనే పద్ధతి చుక్కలు, కామాలు తీసేసి, పేరులోని మాటలను అక్షర క్రమంలో పేర్చి పోలుస్తుంది. అందుకే ఇంటిపేరు ముందున్నా వెనకున్నా దొరికిపోతుంది. స్పెల్లింగ్ తేడాలకు లెవెన్‌స్టైన్ అని ఇంకోటి ఉంది. నేను దెబ్బతిన్నది దానితోనే. ఒకసారి వచ్చిన గుంపులన్నీ సరిగ్గా చూడకుండా కలిపేశాను. ఒక్క అక్షరం తేడాతో పేర్లున్న అన్నదమ్ములు ఒకరైపోయారు. అన్న కట్టిన డబ్బు తమ్ముడి ఖాతాలో పడింది, అన్నకేమో బకాయి నోటీసు వెళ్లింది. ఆయన ఫోన్ చేసి కోప్పడ్డారు. కోప్పడాల్సిందే మరి. అప్పటినుంచి ఫోన్ నంబర్ కూడా కలిస్తేనే పేర్లు కలుపుతున్నాను.

చేసిన ప్రతి మార్పూ హిస్టరీలో ఉంటుంది కాబట్టి వెనక్కి వెళ్లగలిగాను. కానీ వెనక్కి వెళ్లి కొత్త మార్పు చేస్తే, ఆ తర్వాతి స్టెప్పులన్నీ పోతాయి. ముందే వాటిని ఎక్స్‌ట్రాక్ట్ చేసి దాచుకుంటే మళ్లీ అప్లై చేసుకోవచ్చు. ఒక్కో గడిలో చేత్తో దిద్దినవి మాత్రం అందులో రావు. వాటిని నేను విడిగా రాసి పెట్టుకుంటాను.

ఫైలు ఎక్కించేటప్పుడు అంకెలను నంబర్లుగా మార్చే ఆప్షన్‌కు టిక్ పెట్టకండి. పెడితే కోడ్‌ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. పెద్ద ఫైళ్లకు మెమరీ సెట్టింగ్ పెంచుకోవాలి. ఒకే ప్రాజెక్టులో ఇద్దరు కలిసి పనిచేయడం కుదరదు.

తప్పు వివరాలు లోపలికి రాకుండా ఆపడం దీని పని కాదు. కొత్త కస్టమర్‌ను చేర్చేటప్పుడు అదే ఫోన్ నంబర్‌తో పాత ఖాతా ఉంటే చూపించేలా మా ఫారం మార్పించాను. నెలకు రెండు రోజులు పట్టే పని ఇప్పుడు ఒక పూటలో అవుతోంది.