నోరెండిపోయే డయాలసిస్ రోగులకు తడి జెల్: కొనొచ్చా?

రోజుకు తాగే నీళ్లు లెక్క చూసుకునేవాళ్లకు నోరెండడం చిన్న బాధ కాదు. నాలుక అంగిలికి అంటుకుపోతుంది, ముద్ద దిగదు. దాహానికి తట్టుకోలేక తాగేస్తే డయాలసిస్‌కూ డయాలసిస్‌కూ మధ్య బరువు పెరుగుతుంది. అక్కడ లాలాజలం బదులు నోటిని తడిగా ఉంచే ఈ జెల్ బాగానే ఆదుకుంటుంది. తడిని పట్టి ఉంచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, గ్లిజరిన్, పళ్లను పుచ్చనివ్వని తీపి జైలిటాల్ ఉన్న రకం మేలు.

రాత్రి పళ్లు తోముకున్నాక బఠాణీ గింజంత వేలికి తీసుకుని నాలుక మీద, అంగిలికి, బుగ్గల లోపల పల్చగా రాయాలి. ఎక్కువ పూస్తే జిగటగా ఉండలు కడుతుంది. చాలామంది విసుగొచ్చి పక్కన పడేసేది ఇందుకే.

లేబుల్ చూడకుండా కొనొద్దు. కొన్నిట్లో దెబ్బతిన్న కిడ్నీలు సరిగా బయటికి పంపలేని పొటాషియం, ఫాస్ఫేట్ లవణాలుంటాయి; మోతాదు తక్కువే అయినా నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ డాక్టరుకు) ఒకసారి చూపించాలి. పుల్లటి రకాలు సొంత పళ్లున్నవాళ్లకు పనికిరావు, ఎనామిల్ మెత్తబడుతుంది.

నోట్లోంచి వచ్చే అమ్మోనియా వాసన మాత్రం దీనితో పోదు. లాలాజలంలోని యూరియాను బ్యాక్టీరియా విడగొట్టడం వల్ల వచ్చేది అది. నాలుక గీసుకోవాలి, డయాలసిస్ మానకూడదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో కప్పిపుచ్చబోతే నోరు ఇంకా ఎండుతుంది.

స్ప్రే రకం పగటిపూట సులువే కానీ తడి కాసేపే నిలుస్తుంది. రాత్రికి జెల్లే నయం.