నల్లమల కొండ తేనె: పలుచదనం లోపం కాదు

గిరిజన ఉత్పత్తులు అమ్మే ఒక దుకాణంలో కొన్న ఈ నల్లమల తేనె ముదురు గోధుమ రంగులో ఉంది. మూత తీయగానే అడవి పూల వాసన ఘాటుగా వస్తుంది. నాలుకకు మొదట తీపి, ఆ వెంటనే సన్నని వగరు తగులుతుంది. బజారులో దొరికే పెద్ద కంపెనీల తేనెకన్నా పలుచగా జారుతుంది కనుక నీళ్లు కలిపారేమోనని కొందరు అనుమానించవచ్చు. అయితే కొండ చరియలకూ ఎత్తైన చెట్లకూ పట్టే పెద్ద తేనెటీగల తేనెలో సహజంగానే తేమ ఎక్కువ. కాబట్టి పలుచదనాన్ని మాత్రమే చూసి కల్తీ అని తేల్చకూడదు.

దీని ధర గురించి మాట్లాడాలంటే చెంచుల శ్రమ గురించి మాట్లాడాలి. నల్లమలలో పెంటలని పిలిచే చిన్న ఆవాసాలలో ఉండే వీరికి వేట, దుంపలు, అటవీ ఫలసాయం తరతరాల జీవనాధారం. తేనెపట్టు నిండాక తాడు పట్టుకుని కొండ అంచు నుంచి కిందికి దిగి, పొగతో ఈగలను తప్పించి, తేనె ఉన్న భాగాన్ని కోసుకుంటారు. పైన తాడు పట్టుకునే పని బావమరిదికి అప్పగిస్తారని చెబుతారు. తోబుట్టువు పసుపు కుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసిన మనిషి ఆ తాడును వదలడు. పిల్ల ఈగలున్న భాగాన్ని ముట్టకుండా వదిలేసే పద్ధతి నాకు ఎంతో గౌరవం కలిగించింది.

దళారుల దోపిడీని అరికట్టేందుకు విశాఖపట్నం కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనెను చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించి, దానిపై అడవి బిడ్డలకు యాజమాన్య హక్కు ఇచ్చింది. అందుకే ఈ సీసా మీద ఏ పెంటలో సేకరించారో, సేకరించినవారికి కిలోకు ఎంత చెల్లించారో లేకపోవడం నాకు పెద్ద లోపంగా తోచింది. ఆ వివరం ఉంటే ఇంకొంచెం ఎక్కువ ధరైనా సంతోషంగా ఇస్తాను.

రుచి కోసం తప్పక కొనదగిన తేనె ఇది. తేమ ఎక్కువ కనుక త్వరగా పులిసే అవకాశం ఉంది. చిన్న సీసా తీసుకుని, పొడి గరిటె వాడుతూ, మూత బిగించి ఉంచడం మేలు. ఏడాది నిండని పిల్లలకు ఏ తేనే పెట్టకూడదన్న జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది.