ఇంట్లో డే కేర్‌కి కొన్న సామాన్లు: ఏళ్లు వాడాక నిలిచినవేవి, పారేసినవేవి

మాది రెండు పడకగదుల గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు, ఒక్కసారికి ఎనిమిది మంది పిల్లలు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు, ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర వరకు. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఐటీ ఉద్యోగుల పిల్లల కోసం నడిచే ఇంటి డే కేర్లు చాలావరకు ఈ కొలతలోనే ఉంటాయి. ఈ సమీక్ష ఆ కొలతకే. పాతికమందిని పెట్టుకునే ప్లేస్కూలు లెక్కలు వేరు. ప్రసూతి సెలవు 2017 సవరణతో 26 వారాలయ్యాక, ఆరేడు నెలల పసివాళ్లని పట్టుకుని అడగడానికి వచ్చేవాళ్లు ఎక్కువ. నాలుగేళ్లవాళ్లూ అదే హాల్లో పరిగెడుతుంటారు కాబట్టి, ఏ సామాను కొన్నా ఈ రెండు వయసులకీ సరిపోతుందా అని చూసుకోవాలి.

తీర్పు ముందే చెప్పేస్తాం. కొత్తగా పెట్టేవాళ్లు పెట్టుబడిలో పెద్ద ముక్క బొమ్మలకీ గోడల మీద కార్టూన్లకీ పోస్తారు. ఆ డబ్బు గేటుకీ, బాత్రూముకీ, పరుపులకీ, రెండో మనిషి జీతానికీ వెళ్లాలి.

నేల మీద వేసే ముక్కల ఫోమ్ మ్యాట్లు, అంటే ఒకదానికొకటి పళ్లతో కలిసే రెండడుగుల చదరపు ముక్కలు, చూడటానికి బాగుంటాయి. ఆర్నెల్లు తిరక్కుండానే వాటి జాతకం బయటపడుతుంది. పళ్లొస్తున్న పిల్లలు ముందు అంచు పట్టీలనే కొరుకుతారు. ఊడిన ముక్క గొంతుకి అడ్డం పడే సైజులో ఉంటుంది. అతుకుల్లోంచి పాలూ ఉచ్చా కిందికి దిగి, టైలుకీ మ్యాటుకీ మధ్య నిలిచిపోతాయి. వారానికొకసారైనా మొత్తం ఎత్తి, కడిగి, ఎండలో ఆరబెట్టకపోతే కింద నల్లగా బూజు పడుతుంది. వానాకాలంలో వారానికి రెండుసార్లు ఎత్తాలి. అతుకుల్లేని మడత మ్యాటు నయం, కడగడం క్షణాల పని. కాకపోతే మడత దగ్గర పైపొర చీలుతుంది. రోజూ మడిచి తీయకుండా పరిచే ఉంచితే ఎక్కువ కాలం వస్తుంది. ఎక్కి దూకే మూలలో మాత్రం అది వేసి, మిగతా హాలు ఉత్త నేలగా వదిలేయడమే మేలు. అన్నం తినే చోటుకి పాతకాలపు ప్లాస్టిక్ చాపని మించింది లేదు: దులిపితే మెతుకులు పోతాయి, కడిగితే అరగంటలో ఆరుతుంది. అంచు కుట్టు ఊడి పోగులు వేలాడితే మాత్రం వెంటనే కత్తిరించాలి. వేళ్లకి చుట్టుకుంటాయి.

సేఫ్టీ గేట్లు రెండు రకాలు. గోడల మధ్య బిగుతుగా నొక్కి నిలబెట్టేది ఒకటి, స్క్రూలతో బిగించేది ఇంకొకటి. నొక్కి నిలబెట్టేది మన ఇళ్లకి పెద్దగా నప్పదు. వంటింటికి తలుపు లేకుండా వెడల్పుగా ఆర్చి వదిలేస్తారు, అక్కడికి అదనపు ముక్కలు కలపాల్సి వస్తుంది. నున్నటి టైలు మీదా, ఎనామిల్ పెయింటు మీదా దాని రబ్బరు కప్పులు జారతాయి. ఇద్దరు పిల్లలు పట్టుకుని ఊగితే పదిహేను రోజుల్లో వదులవుతుంది. పైగా దాని కింద అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది. చేతిలో బిడ్డ, వేడి జావ గిన్నె ఉన్నప్పుడు కాలికి తగిలేది అదే. మా దగ్గర నిలిచింది వడ్రంగి చేసిన సగం తలుపు: మూడడుగుల ఎత్తు, ప్లైవుడ్, గోడలోకి దిగిన కబ్జాలు (తలుపు బందులు), బోల్టు వంటింటి వైపు. ధర కూడా కొన్నదానికంటే తక్కువే పడింది. కమ్మీలతో చేయిస్తే అవి నిలువుగా ఉండాలి, మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. అడ్డ కమ్మీలు పెడితే నిచ్చెన చేసిచ్చినట్టే. బాల్కనీ గ్రిల్లుకీ ఇదే పరీక్ష. దాని దగ్గర ప్లాస్టిక్ కుర్చీ, స్టూలు, పూలకుండీ ఏదీ ఉండకూడదు.

బాత్రూములో అసలు ప్రమాదం నిండు బకెట్టు. నీళ్లు పట్టి పెట్టుకోవడం మనకి అలవాటు, నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలనీల్లో అవసరం కూడా. నడక నేర్చిన పిల్లకి తల బరువెక్కువ. బకెట్టులోకి వంగితే తిరిగి లేవలేదు. రెండు మూడు అంగుళాల నీళ్లయినా చాలు, చప్పుడు కూడా రాదు. అందుకని వాడగానే బకెట్టు బోర్లించాలి. నిల్వ డ్రమ్ము తాళం పడే వాష్ ఏరియాలోనే ఉండాలి. సంపు మూతకి తాళం తప్పదు. బాత్రూము తలుపుకి లోపలి గెడ తీసేసి, బయట నాలుగున్నర అడుగుల ఎత్తున ఒకటి బిగించాలి. మూడేళ్ల పిల్ల లోపల గెడ వేసుకుంటే బయటికి తీయడానికి తలుపు పగలగొట్టాలి. గీజర్ వేడిని 50 డిగ్రీల లోపే ఉంచాలి.

ఇక్కడే ఇంకో సంగతి. సాకెట్లకి పెట్టే ప్లాస్టిక్ మూతలు వృథా ఖర్చు, నాలుగేళ్లవాళ్లు గోటితో పీకేస్తారు. ఆ మూత మళ్లీ నోట్లోకే పోతుంది. ప్లగ్గు లేనప్పుడు రంధ్రాలు మూసుకునే షట్టర్ సాకెట్లు పెట్టించి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. టీపాయి మూలలకి అంటించే మెత్తని గార్డులు కూడా ఏప్రిల్ ఎండకి జిగురు కరిగి ఊడతాయి. టీపాయే తీసేయడం ఉత్తమం.

నిద్రకి రెండంగుళాల ఫోమ్ పరుపులు, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, పైన రెగ్జిన్. పరుపుల దుకాణంలో చెప్పి కుట్టించినవి రెడీమేడ్ వాటికంటే ఎక్కువ కాలం వచ్చాయి. కారణం జిప్పు. రెడీమేడ్ వాటికి జిప్పు పైవైపు వస్తుంది, అక్కడినుంచి ఉచ్చ ఫోములోకి దిగుతుంది, ఇక ఆ వాసన పోదు. జిప్పు అడుగున వచ్చేలా కుట్టించాలి. ఒక్కో పిల్లకి రెండు దుప్పట్లు, మూలన పేరు కుట్టి, శనివారం ఇంటికి ఉతకడానికి పంపడం. ఒకరి దుప్పటి ఇంకొకరికి వేస్తే గజ్జీ, పేలూ మొత్తం హాలుకి పాకుతాయి. పరుపుల మధ్య మూడడుగుల దూరం దొరకని గదిలో, ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టండి. దగ్గులు తగ్గుతాయి.

ఏడాదిలోపు వాళ్లకి పరుపు గట్టిగా ఉండాలి, వెల్లకిలా పడుకోబెట్టాలి, తలగడా బొమ్మలూ ఉండకూడదు. చీర ఉయ్యాల సంగతి ప్రతి తల్లీ అడుగుతుంది, ఎందుకంటే ఇంట్లో పాప అందులోనే నిద్రపోతుంది. ఒక్క బిడ్డ, పక్కనే అమ్మమ్మ ఉన్న ఇంట్లో ఎలా ఉన్నా, పదిమంది తిరిగే చోట అది వద్దు. పెద్దపిల్లలు ఊపుతారు, చీర మెలి పడుతుంది, లోపల బిడ్డ మెడ ముందుకి వంగితే ఊపిరి ఆడదు, బయటికి కనపడదు. నేల పరుపుకి అలవాటు పడటానికి వారం పది రోజుల ఏడుపు ఉంటుందని చేర్చుకునే రోజునే చెప్పేయాలి.

శుభ్రం చేసే మందుల్లో, సువాసన ఫినాయిల్‌కి వాసన ఉన్నంత పని లేదు. విరేచనాలూ వాంతులూ పాకే సీజన్లో సోడియం హైపోక్లోరైటే (ద్రవ రూపంలోని బ్లీచ్) దిక్కు. 4 శాతం ద్రావణం దొరికితే, రోజువారీ నేలకీ బొమ్మలకీ 25 మి.లీ. తీసుకుని నీళ్లతో లీటరు చేయాలి. అది 0.1 శాతం అవుతుంది. వాంతి, విరేచనం పడ్డ చోట ఒక వంతుకి ఏడు వంతుల నీళ్లు, 0.5 శాతం. ముందు పాత గుడ్డతో ఎత్తేసి, ఆ తర్వాతే పోసి, పది నిమిషాలు వదలాలి. మురికి మీదే పోస్తే మందు బలం మురికిలోనే పోతుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి, తెరిచిన సీసా వెలుగులో ఉంటే నెలలు గడిచేకొద్దీ చచ్చుబడుతుంది. యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, రెండూ ఒకే అలమరలో పెట్టవద్దు. బొమ్మలు మందు తర్వాత మంచినీళ్లతో కడగాలి. బట్టబొమ్మలు ఈ పద్ధతికి పనికిరావు కాబట్టి అవి ఉంచవద్దు. స్టీలు గిన్నెలు, చెక్క దిమ్మెలు, పెద్ద ప్లాస్టిక్ బ్లాకులు, బంతులు చాలు. బటన్ సెల్ ఉన్న ఏ బొమ్మనీ, ఎవరు బహుమతిగా ఇచ్చినా, లోపలికి రానివ్వవద్దు. మింగితే కొద్ది గంటల్లో అన్నవాహిక కాలిపోతుంది.

పళ్లాలు స్టీలువే. గిన్నెల దుకాణంలో మెషీన్‌తో పేరు చెక్కించుకుంటే పోట్లాటలుండవు. మెలమైన్ పళ్లెం పడితే పెచ్చులూడుతుంది, స్టీలు సొట్టపోతుందంతే. భోజనం ఇంట్లో వండాలా, డబ్బాలో తెచ్చుకోవాలా అన్నదానికి మా ఓటు: పసివాళ్లకి డబ్బా, రెండేళ్లు దాటినవాళ్లకి ఇక్కడి పప్పన్నం. ఎనిమిది డబ్బాలు వేరువేరుగా వేడిచేసి తినిపించడానికి ఒక మనిషి పూర్తిగా కావాలి. వేరుశనగ పలుకులు, శనగలు, పాప్‌కార్న్, చెగోడీలు, నిలువునా కోయని ద్రాక్ష, గింజ తీయని సీతాఫలం, ఇవి ఎవరి డబ్బాలో వచ్చినా వెనక్కే. ఏడాది నిండనివాళ్లకి తేనె నాకించవద్దు. తల్లి పాలు పిండి తెస్తే 25 డిగ్రీల్లోపే బయట నాలుగు గంటలు ఆగుతాయి. మన మార్చి నుంచి జూన్ దాకా ఆ లెక్క చెల్లదు, రాగానే ఫ్రిజ్‌లోకి. పేరు, పిండిన తేదీ, వేళ రాసి లేకపోతే తీసుకోవద్దు.

జ్వరానికి నుదుటి దగ్గర పట్టే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ త్వరగా చూపిస్తుంది గానీ, ఎండలోంచి వచ్చిన పిల్లకి ఎక్కువా, ఏసీలో పడుకున్న పిల్లకి తక్కువా చూపిస్తుంది. అనుమానం వస్తే చంక కింద డిజిటల్ థర్మామీటరే. 100.4 ఫారన్‌హీట్ దాటితే ఇంటికి ఫోన్. చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులొస్తే జ్వరం పోయి పొక్కులు ఎండేదాకా ఇంట్లోనే. ఈ నిబంధన చేరేటప్పుడు సంతకం పెట్టించుకోకపోతే వానాకాలంలో అమలు చేయలేరు. మందు సీసాతో పాటు మోతాదు, వేళ రాసిన కాగితం లేకుండా ఏదీ వేయవద్దు. పారాసిటమాల్ డ్రాప్స్‌లో మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటే, సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 250 ఉంటుంది. "ఆ జ్వరం మందు ఐదు మి.లీ. వేయండి ఆంటీ" అని ఫోన్లో చెప్పిన మాట మీద డ్రాప్స్ వేస్తే ఏమవుతుందో లెక్క కట్టుకోండి.

కెమెరా ఇప్పుడు తప్పని ఖర్చు. హాలుకొకటి, నిద్రగదికొకటి చాలు; డైపరు మార్చేచోటా బాత్రూములోనూ ఉండకూడదు. లైవ్ లింకు అందరికీ ఇవ్వడం మేం సిఫారసు చేయం. ఒకరి పిల్లని చూడబోయి మిగతా ఏడుగురినీ చూస్తారు, ఆ వీడియో ఎక్కడికి పోతుందో చెప్పలేం. అడిగిన రోజు రికార్డింగు పక్కన కూర్చోబెట్టి చూపిస్తే సరిపోతుంది. మామూలు మెమొరీ కార్డులు నిరంతర రికార్డింగుకి త్వరగా చస్తాయి, అందుకోసమే చేసిన హై ఎండ్యూరెన్స్ కార్డు వేయాలి. రౌటరు ఇన్వర్టరు లైనులో లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా కెమెరా ఫోనుకి కనపడదు.

హాజరుకి యాప్‌లు వాడి చూశాక, చివరికి రెండొందల పేజీల రూళ్ల పుస్తకమే గెలిచింది. దించిన వేళ, దించినవారి సంతకం, తీసుకెళ్లిన వేళ, తీసుకెళ్లినవారి సంతకం. పిల్లని తీసుకెళ్లగలవాళ్ల ఫోటోలు మొదటి పేజీలోనే అంటించాలి. బాబాయినంటూ ఎవరొచ్చినా ఆ పేజీలో లేకపోతే తల్లికో తండ్రికో ఫోన్ చేశాకే తలుపు తెరవాలి. గోడ మీద 108 (అంబులెన్సు), 112 (అత్యవసర సాయం), 1098 (చైల్డ్ హెల్ప్‌లైన్) నంబర్లూ, దగ్గరి పిల్లల ఆస్పత్రి నంబరూ పెద్దక్షరాల్లో.

ఆయా విషయంలో పోలీసు వెరిఫికేషన్, ఆధార్ నకలు మామూలే. అసలు చిక్కు సంక్రాంతికి వస్తుంది. ఆయా వారం రోజులు ఊరికెళ్తుంది, ఐటీ కంపెనీ ఇచ్చేది ఒకటో రెండో రోజులు. సెలవుల జాబితా ఏడాది మొదట్లోనే చేతికిచ్చి, ఆ వారానికి రెండో మనిషి దొరక్కపోతే సగంమందినే తీసుకుంటామని రాసిపెట్టాలి. ఒక్కరే ఎనిమిది మందిని చూడటం కుదరదు. ఒకరికి విరేచనమైతే మిగతా ఏడుగురు ఎవరి చూపులోనూ ఉండరు.

కాగితాల పని తక్కువే. చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, ఆధార్, పాన్ చాలు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు కావాలా, కరెంటు మీటరును గృహ కేటగిరీ నుంచి మార్చాలా అన్నది ముందే స్థానిక కార్యాలయంలో అడగండి. అపార్ట్‌మెంటు అయితే అసోసియేషన్ సమ్మతి రాతలో ఉండాలి. ఫిర్యాదులు ఏడుపు గురించి వస్తాయనుకుంటారు గానీ, ఎక్కువగా వచ్చేవి ఉదయం గేటు ముందు ఆగే కార్ల గురించి.

డబ్బు లెక్క ఉదాహరణకి ఇలా వేసుకోండి. ఒక్కొక్కరికి నెలకి 7,000 చొప్పున ఎనిమిది మందికి 56,000. ఆయాకి 15,000, తిండీ గ్యాసూ 8,000, కరెంటూ నీళ్లూ శుభ్రతా 5,000 పోతే 28,000. అద్దె 20,000 అయితే చేతికి 8,000. అదే ఇద్దరు మానేసి ఆరుగురే మిగిలితే రాబడి 42,000. తిండి ఖర్చు 6,000కి తగ్గినా నెలకి 4,000 చేతి నుంచి పడుతుంది. ఏప్రిల్, జూన్ నెలల్లో స్కూలు మార్పులతో ఇద్దరు ముగ్గురు ఒక్కసారే వెళ్లడం మామూలు కాబట్టి నెల ఫీజు అడ్వాన్సు, నెల రోజుల నోటీసు, ఆరున్నర దాటితే అరగంటకి ఇంత అన్న ఆలస్య రుసుము మొదటి కాగితంలోనే ఉండాలి. ఆ రుసుము ఒకసారి మాఫీ చేశారంటే, తర్వాత ఏడున్నర దాకా మీ తలుపు మూసుకోదు.