సెలవుల తర్వాత కూడా మొరాయించని ఓ-రింగులు

ఓ-రింగంటే లీకు కాకుండా వాల్వ్ గాడిలో కూర్చునే గుండ్రటి రబ్బరు చుట్టు. ప్లాస్మా కోటింగ్ (విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువు సాయంతో వేసే పలచటి పొర) వేసిన సిలికాన్ ఓ-రింగులు నాకు నచ్చడానికి కారణం ఒక్కటే. సెలవులు గడిచాక మెషీన్ ఆన్ చేస్తే వాల్వ్ మొరాయించదు. మామూలు సిలికాన్ రింగు కొన్నాళ్లు కదలకుండా ఉంటే లోహాన్ని పట్టేసుకుంటుంది. మొదటి స్ట్రోక్‌కి బిగుసుకుని, తర్వాత ఒక్క కుదుపుతో వదులుతుంది. ద్రవాలు కొలిచి పోసే మెషీన్‌లో ఆ కుదుపు వచ్చిందంటే మొదటి శాంపిల్ పారబోయాల్సిందే. గ్రీజు రాద్దామంటే శాంపిల్లో కలుస్తుంది. పైగా సిలికాన్ గ్రీజు సిలికాన్ రింగునే ఉబ్బిస్తుంది, అదో టెన్షన్.

ఈ రింగులు వేశాక ఆ గోల పోయింది. చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. మామూలు రింగు వేళ్లకు పట్టేస్తుంది, ఎక్కడ పెట్టినా నూగు అంటించుకుని వస్తుంది. ఇవి ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. పొర మందం మైక్రాన్‌లోపే కాబట్టి గాడి కొలతలు మార్చే పని కూడా పడలేదు.

నీళ్లు నిలవవని మొదట్లో తెగ మెచ్చుకున్నాను. బొట్టు వేస్తే గుండ్రంగా నిలబడి జారిపోయేది, నిజమే. కానీ కోటింగ్ లేని సిలికాన్ మీద వేసినా దాదాపు అంతే. బొట్టు అంచు కోణం రెండింటి మీదా 110 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నైట్రైల్ రబ్బరు వాడేవాళ్లకు తేడా ఇంకాస్త కనిపించవచ్చు. నాకు మాత్రం జారుడే లాభం.

కొన్ని నెలలు బాగా నడిచాక ఒక వాల్వ్ మళ్లీ పాత పాట అందుకుంది. అదే ప్యాకెట్‌లోని మిగతా రింగులకు ఏమీ కాలేదు. దీన్ని విప్పి చూస్తే కంటికి ఏమీ ఆనలేదు. మైక్రోస్కోప్ కింద పెడితే లోపలి అంచంతా ఎండిన చెరువులా బీటలు. ఒకచోట సన్నటి గీత, దాని వెంబడి నూగు పోగులు. ఆ వాల్వ్‌లో రింగు గాడిలో కూర్చోవాలంటే స్క్రూ మర చుట్ల మీదుగా సాగదీసి దాటించాలి. రబ్బరు సాగినంతగా దాని మీది పొర సాగదు కదా! గాడిలో కూర్చున్నాక సాగుదల 5 శాతంలోపు ఉండాలన్న లెక్క అందరికీ తెలిసిందే. ఎక్కించే ఆ కాసేపు సాగే సాగుడు గురించి మాత్రం రింగులతో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు. అమ్మినవాళ్లను అడిగితే కోటింగ్ ఊడదనే మాటే మళ్లీ చెప్పారు. ఊడిందని నేనెప్పుడన్నాను, పగిలిందన్నాను.

ఇప్పుడు మర మీద నున్నటి ప్లాస్టిక్ తొడుగు పెట్టి, దాని మీదుగా జార్చి ఎక్కిస్తున్నాను. గీతలు ఆగాయి. సాగదీయడం తప్పదు కాబట్టి బీటలు పూర్తిగా ఆగలేదు.

నా వాల్వులు నెమ్మదిగా, తక్కువ ప్రెజర్‌లో కదిలేవి. గంటల తరబడి వేగంగా ఆడే సిలిండర్‌లో ఈ పొర ఎన్నాళ్లు నిలుస్తుందో నేను హామీ ఇవ్వలేను. అది అరిగితే మిగిలేది మామూలు సిలికానే. గ్రీజు వాడే వీలున్నవాళ్లు దీనికి అదనంగా డబ్బు పెట్టక్కర్లేదేమో. నాకు ఆ వీలు లేదు, కాబట్టి వచ్చే ఆర్డర్‌లోనూ ఇవే తెప్పిస్తాను. ఆ ఒక్క వాల్వ్‌కి మాత్రం, రింగు సాగకుండా కూర్చునేలా రెండు ముక్కలుగా విడిపోయే గాడి చేయిస్తున్నాను.