రౌల్ మాలో ‘టుడే’, లిండా రాన్‌స్టాట్ ‘కాన్సియోనెస్ దె మి పాద్రె’: ఏది మేలు?

అమెరికా కంట్రీ సంగీతం అనగానే కౌబాయ్ గుర్తొస్తాడు. ఆ కౌబాయ్‌కి తాడు విసరడం, మందను తోలడం నేర్పింది మెక్సికో పశువుల కాపరులైన వకేరోలు. టెక్సస్‌లో జర్మన్, చెక్ వలసదారుల అకార్డియన్‌ను మెక్సికన్ పాటగాళ్లు అందుకున్నారు, తర్వాత అది కంట్రీ పాటల్లోనూ వినిపించింది. కాబట్టి కంట్రీ గాయకులు లాటిన్, అంటే లాటిన్ అమెరికా సంగీతపు, ఆల్బమ్ చేస్తే ఆశ్చర్యం లేదు. ఎలా చేశారన్నదే చూడాలి.

పూర్తిగా వేర్వేరు పద్ధతుల్లో చేసినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు రౌల్ మాలో. 1965లో మయామీలో, క్యూబా నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టారు. 1989లో మొదలైన మావెరిక్స్ అనే కంట్రీ బ్యాండ్‌లో ప్రధాన గాయకుడిగా ఉండేవారు. ఆ బ్యాండ్ ఆగిపోయిన కాలంలో, 2001లో, ‘టుడే’ పేరుతో తొలి సోలో ఆల్బమ్ తెచ్చారు. రెండోవారు లిండా రాన్‌స్టాట్. అరిజోనాలోని టుసాన్‌లో పుట్టారు, తాత మెక్సికోలోని సొనోరా నుంచి వచ్చినవాడు. 1987లో ఆమె విడుదల చేసిన ‘కాన్సియోనెస్ దె మి పాద్రె’ అంటే ‘మా నాన్న పాటలు’. ఆ పేరు ఆమె మేనత్త లూయిసా ఎస్పినెల్ 1946లో వేసిన చిన్న పాటల పుస్తకానిది.

లిండాను కంట్రీ గాయని అనొచ్చా అని గొడవ పడేవాళ్లున్నారు. పత్రికలు ఆమెను రాక్ రాణి అన్నాయి, నిజమే. కానీ కంట్రీ దిగ్గజం హ్యాంక్ విలియమ్స్ పాట పాడి 1976లో ఆమె గ్రామీ అందుకున్నది కంట్రీ విభాగంలో. మెక్సికన్ ఆల్బమ్ వచ్చిన 1987లోనే కంట్రీ గాయనులు డాలీ పార్టన్, ఎమ్మీలూ హ్యారిస్‌లతో కలిసి ‘ట్రయో’ చేశారు. నాకు అది చాలు.

ఈ పోలికలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. మాలోకు ఇంగ్లీషు ఎంతో స్పానిష్ అంత. లిండా మాత్రం స్పానిష్ ధారాళంగా రాదని తనే చెప్పుకున్నారు, ఇంట్లో ఆ భాష ఆమెకు పాటగానే పరిచయం. అలాంటి మనిషి ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా ఆల్బమ్ మొత్తం స్పానిష్‌లో పాడారు. భాష బాగా వచ్చిన మాలో ఇంగ్లీషు పాటల మధ్య స్పానిష్ పాటలు కలిపారు. రెండింటి బలం, బలహీనత అక్కడే ఉన్నాయి.

లిండా పెట్టుకున్న లెక్క చాలా కఠినమైనది. గాయని సంప్రదాయం దగ్గరికి వెళ్లాలి, సంప్రదాయం గాయని దగ్గరికి రాకూడదు. డ్రమ్ సెట్ లేదు, ఎలక్ట్రిక్ గిటార్ లేదు. మెక్సికోలో పేరున్న మరియాచి వర్గాస్ బృందంతో దశాబ్దాలు పనిచేసిన రూబెన్ ఫుయెంతెస్, ఆమె పాత నిర్మాత పీటర్ ఆషర్ కలిసి చేశారు. వాద్యాలు మరియాచి అనే మెక్సికో సంప్రదాయ బృంద సంగీతానివే: వయొలిన్లు, ట్రంపెట్లు, చిన్న గిటార్ లాంటి విహుయేలా, పెద్ద పొట్ట ఉన్న గిటారోన్. రికార్డు కంపెనీ భయపడిందంటే తప్పు పట్టలేం. తీరా చూస్తే అమెరికాలోనే 20 లక్షలకు పైగా కాపీలు పోయాయి. 2022లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

అమ్మకాల సంగతి పక్కన పెట్టి ‘లా సిగార్రా’ వినండి. పాడుతూ పాడుతూనే ప్రాణం వదలాలని కోరుకునే ఇలకోడి పాట అది. ఉవాపాంగో అనే మెక్సికో జానపద పద్ధతిలో గొంతు నిండుగా ఉన్న చోటు నుంచి ఒక్కసారి పైస్థాయికి ఎగరాలి. మన సంగీతం మాస్టార్లు దొంగ గొంతు అని మందలించేది అక్కడ విద్య. ఎగిరి, ఆ పై స్వరం మీద శ్వాస అయిపోయేదాకా నిలబడాలి. లిండా నిలబడతారు. విచిత్రం ఏమిటంటే కంట్రీలోనూ ఇలాంటి ఎగురుడు ఉంది. 1920ల చివర కంట్రీ గాయకుడు జిమ్మీ రాడ్జర్స్ యోడెల్ (గొంతును కిందికీ పైకీ ఎగరేస్తూ పాడటం) చేసినప్పుడు, తర్వాత హ్యాంక్ విలియమ్స్ పాట మధ్యలో గొంతు విరిచినప్పుడు వినిపించేది ఆ అంచే. ఒకదానికి అలవాటుపడ్డ చెవికి రెండోది పరాయిగా అనిపించదు. ఆల్బమ్‌లో కంట్రీ ఎక్కడా కనిపించదు కానీ, అది నేర్పిన గొంతు మాత్రం ఉందని నాకు అనిపిస్తుంది.

లోపం లేదా అంటే ఉంది. ట్రంపెట్లు, వయొలిన్ల హోరు దాదాపు అన్ని పాటల్లోనూ ఒకే తీరు. కొత్తవాళ్లకు సగం దాటేసరికి ఏ పాట ఏదో తెలియకుండా పోవచ్చు. పైగా ఇవి పాత పాటలు, ఆవిడ కొత్తగా కలిపింది గొంతు ఒక్కటే.

‘టుడే’కి ఆ ఇబ్బంది లేదు. మాలో పాటలు రాసేవారు కూడా. మావెరిక్స్‌లో ఉండగానే లాటిన్ రుచి తగిలించారు: ఫ్లాకో హిమేనెజ్ అకార్డియన్‌తో ఒక హిట్టు, 1998లో బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన ‘డాన్స్ ద నైట్ అవే’. 1997లో క్యూబా సంగీతకారుల బ్వేనా విస్టా సోషల్ క్లబ్ ఆల్బమ్ వచ్చి అమెరికన్ శ్రోతలకు క్యూబా సంగీతం మీద ఆసక్తి పెంచింది కూడా. ‘టుడే’లో ఆ క్యూబా తరహా హార్న్స్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలు), బొలెరో నడక ముందుకొచ్చాయి. బొలెరో క్యూబాలో పుట్టిన నెమ్మది ప్రేమపాట. ఎడబాటు, మోసం, అర్ధరాత్రి పశ్చాత్తాపం దాని సరుకు, కంట్రీ సరుకూ అదే. అమెరికన్ గాయకుడు రాయ్ ఆర్బిసన్‌తో పోల్చే మాలో గొంతు దానికి అచ్చంగా సరిపోతుంది. గాయని షెల్బీ లిన్‌తో పాడిన ‘టేక్స్ టూ టు టాంగో’ సరదాగా ఉంటుంది. (ఆరో ఆల్బమ్ తర్వాత ఆ అమ్మాయికి ‘ఉత్తమ నూతన కళాకారిణి’ గ్రామీ వచ్చింది కూడా అదే 2001లో. అవార్డుల లెక్కలు అలాగే ఉంటాయి.)

అయినా ఆల్బమ్ పూర్తయ్యాక ఏదో వెలితి. పెళ్లిభోజనంలో అన్నీ వడ్డించి, నచ్చినదాన్ని మారు వేయకుండా లేపేసినట్టు ఉంటుంది. స్పానిష్ పాట వేడెక్కేసరికి ఇంగ్లీషు పాప్ పాట వచ్చేస్తుంది. ఎవరినీ టెన్షన్ పెట్టకూడదన్న జాగ్రత్త కనిపిస్తుంది. అదే ఏడాది లాస్ సూపర్ సెవెన్ అనే బృందం ‘కాంటో’ ఆల్బమ్‌లో మాలో పాడిన ‘సిబోనే’ వింటే, ఆ జాగ్రత్త లేనప్పుడు ఆయన ఎంత దూరం వెళ్లగలిగేవారో తెలుస్తుంది.

అందుకే ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు లిండాకే. కంట్రీ మాత్రమే వినే స్నేహితుడికి ఇవ్వాలంటే మాత్రం ‘టుడే’ ఇస్తాను. భాష అడ్డం రాదు, గొంతు పరిచయమైనదే, కారులో పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. లాటిన్ అని ఒకే గంపకు ఎత్తుతున్నాం గానీ ఆయనది క్యూబా, ఆమెది సొనోరా. లిండా 1992లో ‘ఫ్రెనెసీ’ పేరుతో క్యూబా వైపు పాటలూ పాడారు, గ్రామీ కూడా వచ్చింది. నునుపుగా ఉంటుంది, కానీ ఇంటి పాటల్లో ఉన్న పట్టు నాకు దొరకలేదు. మాలో విషయంలో 2001లో సగంలో ఆగిన పని 2020లో పూర్తయింది. మళ్లీ కలిసిన మావెరిక్స్‌తో చేసిన ‘ఎన్ ఎస్పాన్యోల్’ మొత్తం స్పానిష్. సోలో కాదు కాబట్టి ఈ పోటీలోకి తేలేదు. తెచ్చి ఉంటే లిండాను గెలిపించడానికి నాకు కాస్త కష్టమయ్యేది.

లిండా ఆల్బమ్‌ను ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. గిటారోన్ వాయించేవాళ్లు రెండు తీగలు కలిపి లాగి ఒకే స్వరాన్ని మంద్ర, మధ్య స్థాయిల్లో ఒకేసారి పలికిస్తారు. ఫోన్‌లో ఆ మంద్రం పోయి, ట్రంపెట్ల గోల ఒక్కటే మిగులుతుంది.