మెజెస్టిక్ లాడ్జి: గది బాగుంది, కౌంటరే బాలేదు

బెంగళూరులో మెజెస్టిక్ బస్టాండు దగ్గరి లాడ్జి ఇది. దుప్పట్లు శుభ్రం, తెల్లారేసరికి వేడినీళ్లు. అనంతపురం నుంచి పనిమీద వచ్చేవాళ్లకు ఆ రేటుకి ఇంకేం కావాలి?

తలనొప్పంతా కౌంటర్ దగ్గరే. గుర్తింపు కార్డు అడగడం తప్పు కాదు. 2008లో, 2013లో బాంబులు పేలిన ఊరు. ఎవరు దిగారో రిజిస్టర్లో ఉండాల్సిందే. కానీ డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే "ఆధారే కావాలి సార్" అన్నాడు కుర్రాడు. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తానన్నా వినడే! పైగా మా ఆవిడ కార్డు కూడా ఫోటో తీసి తన సొంత వాట్సాప్‌కి పంపాలట. పాత జిరాక్సులేమో టీ గ్లాసుల కింద పరిచి ఉన్నాయి. ఎవరిదో పుట్టిన తేదీ, ఇంటి నంబరు దర్జాగా కనిపిస్తున్నాయి. దొంగ చేతికి తాళమిచ్చినట్టే కదా!

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో 9 మంది సుప్రీంకోర్టు జడ్జీలు తేల్చారు. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జే. కౌంటర్ దాకా ఆ కబురు రాలేదు.

చివరికి మేనేజర్ వచ్చి, లైసెన్సు నంబరు రాసుకుని తాళాలిచ్చాడు. అంటే కుదురుతుందన్నమాట! గదికి నాలుగు స్టార్లు, కౌంటర్‌కి ఒకటి. ఫ్యామిలీతో వెళ్లేవాళ్లు మేనేజర్ ఎప్పుడుంటాడో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.