గ్రేడ్ 25 హబ్ బాల్స్: కొనదగ్గవే, కోన్లు బాగుంటేనే

సైకిల్ రిమ్ పట్టుకుని అటూ ఇటూ ఊపితే చక్రం ఆడుతోందా? విప్పిన చక్రం యాక్సిల్‌ను (ఇరుసును) వేళ్ళతో తిప్పితే ఇసుక నలిగినట్టు తగులుతోందా? అయితే చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం, అంటే హబ్, విప్పాల్సిందే. కప్పులో బాల్స్ పెట్టి, యాక్సిల్ మీద మరతో తిరిగే కోన్‌తో మూసే కప్పు-కోన్ హబ్బులకు బాల్స్ మూడు రకాలుగా దొరుకుతాయి: షాపు డబ్బాలోంచి తీసిచ్చే విడి బాల్స్, కేజ్‌లో (రింగులాంటి చట్రంలో) బిగించి వచ్చేవి, గ్రేడ్ 25 అని రాసిన క్రోమ్ స్టీల్ ప్యాకెట్లు. మా ఓటు మూడోదానికే.

గ్రేడ్ 25 అంటే బాల్ గుండ్రదనంలో తేడా 0.6 మైక్రాన్ దాటకూడదు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అంత లెక్క ఎందుకంటే, వరుసలో ఒక్క బాల్ కాస్త పెద్దదైనా బరువంతా దాని మీదే పడి కోన్ మీద గుంట తవ్వేస్తుంది. పాతవాటిలో కొత్తవి కలపకూడదనేది కూడా ఇందుకే. మార్చేటప్పుడు రెండు వైపులా అన్నీ మార్చాలి. కేజ్ రకం బిగించడం తేలికే, కానీ అందులో బాల్స్ తక్కువ పడతాయి. తిరగేసి పెడితే కేజ్ కోన్‌కు రాసుకుని విరుగుతుంది.

ఎక్కువ హబ్బులకు వెనక చక్రానికి 1/4 అంగుళం బాల్స్ వైపుకు 9, ముందుకు 3/16 అంగుళం వైపుకు 10. అంటే 18, 20. రెండు మూడు ఎక్కువే కొనండి, నేల మీద పడితే దొరకవు. విప్పేటప్పుడు పాతవి లెక్కపెట్టి చూసుకోవడం మాత్రం మానొద్దు.

అసలు డబ్బు దండగయ్యేది కోన్ దగ్గర. కోన్ తుడిచి, బాల్‌పెన్ మొనతో బాల్స్ తిరిగే దారి వెంట గీయండి. మొన ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గుంట పడినట్టే. అలాంటి కోన్ మీద ఎంత మంచి బాల్స్ వేసినా త్వరలోనే మళ్ళీ గరగర మొదలు. కొత్త కోన్ కొనడానికి పాతదీ, యాక్సిలూ షాపుకు పట్టుకెళ్ళండి. గేరు సైకిళ్ళ వెనక యాక్సిల్ మామూలుగా 10 మి.మీ. మందం, మర చుట్ల మధ్య దూరం 1 మి.మీ.; పాతకాలపు నల్ల సైకిళ్ళకు అంగుళాల మర. ఒకదాని కోన్ ఇంకోదానికి సరిగా కూర్చోదు. కప్పులోనే గుంటలుంటే, చాలా హబ్బుల్లో కప్పు విడిగా రాదు కాబట్టి, హబ్బే మార్చాలి.

పలుచటి కోన్ స్పానర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. షిమానో హబ్బులకు ముందు 13, వెనక 15, కోన్ కదలకుండా ఆపే లాక్ నట్‌కు 17 నంబరు. మామూలు స్పానర్ మందం వల్ల కోన్ అంచుల మీద కూర్చోదు, జారి అంచులు అరిగిపోతాయి. వెనక చక్రంలో ఎడమ వైపు లాక్ నట్, కోన్ విప్పి, యాక్సిల్‌ను ఫ్రీవీల్ వైపు నుంచి లాగాలి. కుడివైపు కోన్ కదిలించకపోతే యాక్సిల్ కొలత చెడదు.

కప్పులు కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, లిథియం గ్రీజు ధారాళంగా పూయండి. బాల్స్ ఒక్కొక్కటిగా అందులో గుచ్చాలి. 9 పెట్టాక ఇంకోటి పట్టేలా సందు కనిపిస్తుంది. పెట్టకండి! ఇరుకైతే బాల్స్ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి.

చివరికి మిగిలేది సర్దుబాటు, ఓపిక అంతా ఇక్కడే కావాలి. కోన్‌ను చేత్తో తగిలేదాకా బిగించి, పావు చుట్టు లోపే వెనక్కి తిప్పి, కోన్ కదలకుండా స్పానర్‌తో పట్టుకుని లాక్ నట్ బిగించాలి. నట్లతో బిగించే చక్రానికి ఆట ఉండకూడదు. నట్ల బదులు లివర్‌తో బిగించే క్విక్ రిలీజ్ ఉంటే మాత్రం రవ్వంత ఆట వదలాలి: లివర్ మూస్తే యాక్సిల్ కాస్త నొక్కుకుని ఆ ఆట పోతుంది. వదలకపోతే చక్రం బిగుసుకుని కొత్త బాల్స్ కూడా త్వరగా పోతాయి. మొదటి 30, 40 కిలోమీటర్ల తర్వాత రిమ్ పట్టుకుని మరోసారి ఊపి చూడండి.